గాడిచర్ల హరిసర్వోత్తమరావు

కర్నూలు మండలమున పత్తికొండ యను ఊరు కలదు. చుట్టును మెట్టభూములు. వాన కురిసిన జొన్న, కొఱ్ఱ, కురియనినాడు కరవు. 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన, మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో ఈ ఊరిలోనే కలరా సోకి మరణించెను. దత్తమండలములు ఇంగ్లీషువారి వశమైన 1800వ సంవత్సరము మొదలు ఏడేండ్లపాటు ఆయన ఈ సీమకు ప్రధాన కలెక్టరుగా నుండి, పొలములు కొలిపించి శిస్తులు నిర్ణయించినవాడు. మరణించుటకు ముందు సంవత్సరమే ఆయన పాఠశాలలను గూర్చి యొక ప్రణాళికను సిద్ధపఱచెను. ప్రతి కలెక్టరు జిల్లాకు రెండు పెద్ద బడులు, ప్రతి తహసీలునకు ఒక చిన్న బడి. మొత్తము రాజధాని యంతటను నలువది పెద్ద బడులు, మూడువందల చిన్న బడులు ఉండవలెనని ఆయన సంకల్పము. కొన్ని బడులు తెఱవబడినవి. అయితే ప్రణాళికను తలపెట్టినవాడు పత్తికొండలో కన్ను మూసెను. వెనుక వచ్చిన వారికి దానిపై శ్రద్ధ లేకపోయెను. పదేండ్లు తిరుగకమునుపే ఆ బడులు మూతపడినవి.

అందుచేత పందొమ్మిదవ శతాబ్ది చివర కూడ మన మెట్టసీమలో పెద్ద చదువు చదువగోరిన బాలుడు ఇల్లు విడిచి పోక తప్పెడిది కాదు. ఉన్నత పాఠశాలలు కర్నూలు, గుత్తి, నంద్యాల వంటి కొన్ని పెద్ద ఊళ్ళలో మాత్రమే యుండెడివి. పల్లెనుండి వచ్చిన పిల్లవాడు ఏ బంధువుల యింటనో తలదాచుకొని, వారములు చేసికొని భుజించి చదువుకొనవలెను. వారములనగా నేమో నేటి పిల్లలకు తెలియదు. ఆదివారము ఒక యింట, సోమవారము మఱియొక యింట, ఇట్లు ఏడు దినములు ఏడిండ్ల భోజనము చేయుట. ఒక యింట ఏదైన కారణమున ఆటంకము కలిగినచో ఆ దినము పిల్లవానికి ఉపవాసమే.

అట్టి కాలమున, 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన, హరిసర్వోత్తమరావు కర్నూలులో జన్మించెను. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. పూర్వులు కడప మండలములోని సింహాద్రిపురము వారు. ధాత నామ సంవత్సరపు కరవు ముగిసి అప్పటికి అయిదారేండ్లు మాత్రమే యైనది. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ కరవులో మిక్కిలి నష్టపడిన జిల్లాలలో కర్నూలు ఒకటి. గాడిచర్లవారి కుటుంబము మొదటినుండియు పేదది. కుమారునకు ఈయదగిన ఆస్తి వారికి చదువు తప్ప వేఱొకటి లేకుండెను.

బాలుడు కర్నూలులో అక్షరములు నేర్చి, తరువాత గుత్తిలోను, నంద్యాలలోను చదివెను. గుత్తి పేరు వినినంతనే మనకు దుర్గము జ్ఞప్తికి వచ్చును. పత్తికొండలో మరణించిన మన్రో దేహమును తొలుత సమాధి చేసినది ఆ గుత్తి యందే. కొన్ని యేండ్లకు దానిని మద్రాసు కోటలోని చర్చికి తరలించిరి. మన్రో తలపెట్టిన బడులు నిలువకపోయినను, ఆయన తొలి సమాధి యున్న ఊరిలో ఒక పేద బాలుడు పై చదువులకు సిద్ధపడుచుండెను.

నాటి ఉన్నత పాఠశాల యెట్టిదో కొంచెము చెప్పవలెను. గణితము, చరిత్ర, భూగోళము అన్నియు ఇంగ్లీషులోనే. పిల్లలు ఇంగ్లాండు రాజుల పేర్లు వరుసతప్పక వల్లింతురు గాని తమ ఊరి చెఱువును ఎవరు త్రవ్వించిరో ఎఱుగరు. తెలుగు పండితుడు ఒకడుండును. అతని జీతము తక్కువ, గౌరవము మఱింత తక్కువ. అన్నిటికి చివర మెట్రిక్యులేషను పరీక్ష యొకటి నిలిచియుండును. ఆ పరీక్ష తప్పిన వారు ఇంటిదారి పట్టుదురు. నెగ్గిన వారికి తాలూకా కచ్చేరిలో గుమాస్తా పనియో, చిన్న బడిలో ఉపాధ్యాయ పదవియో దొరకును. ఇంకను శక్తి గలవారు రెండేండ్లు ఎఫ్. ఏ., ఆపై రెండేండ్లు బి. ఏ. చదివి వకీళ్ళగుదురు, లేదా సర్కారు కొలువులో పైమెట్టున చేరుదురు. పిల్లవాడు బడిలో అడుగుపెట్టిన దినముననే ఇంటివారు అతని జీతమును లెక్కించుకొనుచుందురు. ఇందులో వారి తప్పు లేదు. కరవు చూచిన కన్నులకు నెలనెలా చేతికి వచ్చు రూకలకంటె నమ్మదగినది వేఱేమున్నది?

హరిసర్వోత్తమరావు తెలివిగల విద్యార్థి. ప్రభుత్వపు విద్యార్థివేతనము సంపాదించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. ఆ కళాశాల యప్పుడు జార్జిటౌనులో నుండెను. తాంబరమునకు పోయినది 1937లో. డాక్టరు మిల్లరు దానికి ప్రిన్సిపాలు. దక్షిణ దేశమున దానికి మించిన కళాశాల లేదని పేరు. అచట చదివి 1906లో ఎం. ఏ. పట్టము పొందెను. ఆ కాలమున మన సీమలో ఎం. ఏ. చదివినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. కర్నూలు వీథులలో వారములు చేసికొని చదివెడి పిల్లలకు ఆ రెండక్షరములు శ్రీశైల శిఖరమువలె దూరమునుండి నమస్కరింపదగినవి.

ఉపాధ్యాయుడు కావలెనని ఆయన కోరిక. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయత్వమునకు ఎల్. టి. శిక్షణ కావలెను. అందులకై రాజమహేంద్రవరములోని ట్రెయినింగు కళాశాలలో చేరెను. ఒక్క సంవత్సరపు చదువు. అది ముగిసినచో ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగము, కొంతకాలమునకు ప్రధానోపాధ్యాయ పదవి, ఆపై ఇన్‌స్పెక్టరు పదవి. కుటుంబము తరతరముల దారిద్ర్యమునుండి గట్టెక్కుటకు ఒక్క అడుగు మిగిలియుండెను.

ఈ మధ్యలో ఆయన మఱియొక పని చేసెను. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి యేర్పడెను. తెలుగు మాత్రమే వచ్చినవారికి చరిత్రను, శాస్త్రములను తెలుగులోనే చెప్పవలెనని కొమఱ్ఱాజు లక్ష్మణరావు మొదలైన వారు దానిని స్థాపించిరి. ఆ మండలి ప్రకటించిన మొదటి గ్రంథము అబ్రహాము లింకను జీవితచరిత్ర. దానిని వ్రాసినవాడు హరిసర్వోత్తమరావు; అది 1907లో వెలువడెను. దుంగలతో కట్టిన గుడిసెలో పుట్టి, బడికి పోయిన దినములు కొద్దియే యైనను, దొరికిన పుస్తకమునెల్ల చదివి అమెరికా దేశాధ్యక్షుడైన వాని కథను కర్నూలు పేద విద్యార్థి తెలుగువారికి చెప్పుటకు పూనుకొనుటలో ఆశ్చర్యము లేదు.

ఆ 1907వ సంవత్సరమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. రెండేండ్లకు ముందు, 1905లో, ప్రభుత్వము వంగరాష్ట్రమును రెండుగా చీల్చెను. వంగదేశమంతయు అట్టుడికినట్లుడికెను. విదేశవస్త్రములను విడిచి స్వదేశవస్తువులనే వాడుదుమని ప్రజలు ప్రతిన బూనిరి. వందేమాతరమను మాట దేశమంతట మాఱుమ్రోగెను. రాజమహేంద్రవరములో విద్యార్థులు బాలభారతి సమితి యను సంఘమును స్థాపించుకొనిరి. 1907 ఏప్రిల్ నెలలో బిపినచంద్రపాలుడు ఆంధ్రదేశమునకు వచ్చి, రాజమహేంద్రవరములో కొన్ని దినములుండి ఉపన్యాసములిచ్చెను. ఆయన ఇంగ్లీషులో చెప్పుచుండగా చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెలుగులో వినిపించిరి. గోదావరి యొడ్డునగల ఆ పట్టణము అంతకు పూర్వము అట్టి సభలను చూచి యెఱుగదు.

ఆర్ట్సు కళాశాల విద్యార్థులు, ట్రెయినింగు కళాశాల విద్యార్థులు వందేమాతర చిహ్నములను వక్షమున ధరించి తరగతులకు వచ్చిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దానిని సహింపలేదు. చిహ్నములను తీసివేయుడని ఆజ్ఞాపించెను. విద్యార్థులు తీయలేదు. వారికి ముందు నిలిచినవాడు హరిసర్వోత్తమరావు.

ఇచట విద్యార్థులు కొంచెము ఆగి ఆలోచింపవలెను. గురువును గౌరవింపవలెనన్నది మన దేశమునకు క్రొత్త బోధ కాదు. పత్తికొండ తాలూకాలోని ఎఱ్ఱగుడి దగ్గఱ బండలపై అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు కలవు. తల్లిదండ్రుల మాట వినవలెను, శిష్యుడు ఆచార్యుని గౌరవింపవలెను అను ధర్మము వానిలో నున్నది. రెండువేల రెండువందల యేండ్లకు పైగా ఆ బండలు ఎండకు ఎండుచు, వానకు తడియుచు అదే మాట చెప్పుచున్నవి. రేపు తానే యుపాధ్యాయుడై పిల్లలకు క్రమశిక్షణ నేర్పవలసినవాడు నేడు కళాశాలాధికారి యాజ్ఞను దాటుట ఎట్లు? మఱియొక ప్రక్క, తల్లినేలకు నమస్కారమని చెప్పు ఒక గుడ్డముక్కను ప్రభుత్వమునకు భయపడి రొమ్మునుండి ఊడదీసికొన్నవాడు పిల్లలకు ఏమి నేర్పగలడు? నేను చాలకాలము పాఠశాలలో పనిచేసితిని. పిల్లలు మాట విననిదే బడి నడువదని నాకు బాగుగ తెలియును. అయినను ఆ దినమున రాజమహేంద్రవరములో తప్పు ప్రిన్సిపాలుదే యని నా నిశ్చయము. ఆయన కాపాడినది బడి క్రమశిక్షణను గాదు, దొరతనపు దర్పమును. ఆ చిహ్నమువలన ఏ పాఠమునకును ఆటంకము కలుగలేదు.

శిక్ష వెంటనే వచ్చెను. పలువురు విద్యార్థులు కళాశాలనుండి వెడలగొట్టబడిరి. హరిసర్వోత్తమరావును తొలగించుటయే గాక, ఆయనకు ప్రభుత్వోద్యోగము ఎచటను ఈయరాదని ఉత్తరువులు పుట్టెను. ఇరువదిమూడేండ్ల వయసు, ఎం. ఏ. పట్టము, వెనుక పేద కుటుంబము, ఎదుట మూసిన తలుపులు. ఉపాధ్యాయ శిక్షణ పొందబోయినవాడు పాఠశాల గడప త్రొక్కుటకే అనర్హుడైపోయెను. ఆ ఉత్తరువు వచ్చిన సాయంకాలము ఆయన మనసు ఎట్లుండెనో మనము ఊహింపగలమే కాని చెప్పజాలము. క్షమాపణ చెప్పుకొని మరల చేరుటకు మాత్రము ఆయన పోలేదు. అంతవఱకు మనకు తెలియును.

కచ్చేరి, కోర్టు, బడి అను మూడు దారులే యెఱిగిన పట్టభద్రులకు నాలుగవ దారి ఒకటి ఆ దినములలోనే తెఱచుకొనుచుండెను. కొందఱు యువకులు సర్కారు కొలువును, వకీలు వృత్తిని కాదని ప్రజలలోనికి పోవజొచ్చిరి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య కలసి 1910లో మచిలీపట్టణమున ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిరి. హరిసర్వోత్తమరావు పత్రికను చేపట్టెను. 1908లో బెజవాడనుండి స్వరాజ్య యను వారపత్రికను నడపెను. ఎడిటరు అను ఇంగ్లీషు మాటకు సంపాదకుడను పేరును వాడుకలోనికి తెచ్చినవాడు ఆయనయే యని చెప్పుదురు.

ఆ యేడు మార్చి నెలలో తిరునల్వేలిలో అల్లరులు జరిగి, పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము కలిగెను. దానిని ఖండించుచు స్వరాజ్య పత్రికలో విపరీతబుద్ధి యను వ్యాసము వెలువడెను. ప్రభుత్వము రాజద్రోహ నేరము మోపెను. క్రింది కోర్టువారు విధించిన శిక్ష చాలదని ప్రభుత్వము పై కోర్టునకు పోగా, మద్రాసు హైకోర్టు దానిని మూడేండ్లకు పెంచెను.

వెల్లూరు కారాగారములో ఆయనను దొంగలతోను, హంతకులతోను కలిపి యుంచిరి. రాజకీయ ఖైదీ యను వేఱు తరగతి అప్పటికి లేదు. తల గొరిగి, కాలుసేతులకు సంకెళ్ళు వేసి, మురికిబట్టలు కట్టబెట్టి, మట్టి చిప్పలో కూడు పెట్టిరి. చెప్పులు లేకుండ నడపించిరి. రాజకీయ కారణములచేత కారాగృహవాసము చేసిన మొదటి ఆంధ్రుడని ఆయనను చెప్పుదురు. తరువాతి కాలమున చెఱసాలకు పోవుట గౌరవమయ్యెను. పోయినవారికి పూలదండలు పడెను. ఆయన పోయిన నాడు దండలు లేవు. శిక్ష ముగించుకొని బయటికి వచ్చినప్పుడు ఆశ్రయమిచ్చుటకును జనులు భయపడిరి. ఎదురైన పరిచితులు ముఖము త్రిప్పుకొనిరి. రహస్య పోలీసుల కన్ను ఆయన వెంబడించుచుండగా వారిని నిందించుటకును వీలులేదు. వారికిని ఉద్యోగములున్నవి, పిల్లలున్నారు.

అట్టి సమయమున ఆయనకు చేయూతనిచ్చినవాడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు. విజ్ఞానచంద్రికామండలి పనిలో ఆయన మరల కుదురుకొనెను. తరువాత ఆంధ్రపత్రికలో పనిచేసెను. 1916లో అనీబిసెంటు హోమ్‌రూలు ఉద్యమమును ప్రారంభింపగా అందు పాల్గొని ఊరూర తిరిగెను. నంద్యాలనుండి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమునందు చేరెను. జనులు ఆయనను ఆంధ్రతిలకుడని పిలిచిరి. ఇవన్నియు చరిత్ర పుస్తకములలో మీరు చదువగలరు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో దత్తమండలములకు రాయలసీమ యను పేరు కుదిరినది. దత్తము అనగా నిజాము ఇంగ్లీషువారికి ఇచ్చివేసినది. ఒకరు మఱియొకరికి ఇచ్చివేసిన సొత్తువలె పిలువబడుట మాని, విజయనగర రాయల పేరుతో పిలువబడుట ఈ సీమవారికి ఆనాటినుండి అలవాటయ్యెను. ఆ పేరును ప్రజలలో నిలిపినవారిలో హరిసర్వోత్తమరావు ముఖ్యుడు.

అయితే ఆయన జీవితములో మిక్కిలి తడవు సాగిన పని రాజకీయము కాదు. అది గ్రంథాలయోద్యమము, వయోజనవిద్య.

1901 జనాభా లెక్కలలో మన దేశమున చదువను వ్రాయను వచ్చినవారు నూటికి ఇంచుమించు అయిదుగురు. మిగిలిన తొంబదియైదుగురు బడికి పోవు వయసు దాటినవారో, పోవుటకు బడి లేనివారో. వారిని ఏమి చేయవలెను? పిల్లలు పెరిగి పెద్దవారగువఱకు దేశము వేచియుండవలెనా? ఈ ప్రశ్నకు సమాధానముగా 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. దానికి ప్రాణము పోసినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. అనేక సంవత్సరములు దానికి అధ్యక్షుడై నడిపినవాడు హరిసర్వోత్తమరావు.

గ్రంథాలయమనగా బీరువాలు గల భవనమే యని ఆ సంఘమువారు తలంపలేదు. దేవాలయ మండపములో నొక పెట్టె, రచ్చబండ దగ్గఱ నొక లాంతరు, చదువు వచ్చినవాడొకడు పత్రిక చదువుచుండ చుట్టును కూర్చుండి వినుచున్న పదిమంది రైతులు, అదియు గ్రంథాలయమే. కార్యకర్తలు ఊరినుండి ఊరికి గ్రంథాలయ యాత్రలు సాగించిరి. 1935లో పాతూరి నాగభూషణము గుంటూరు మండలమున పెదవడ్లపూడి దగ్గఱ పుస్తకములను పడవలో నుంచి కాలువ వెంబడి ఊళ్ళకు పంపెను. కాలువలు అరుదైన మన సీమకు ఆ భాగ్యము లేదు. మనకు పుస్తకము బండిమీదనో, భుజముమీదనో రావలసినదే.

రాజమహేంద్రవరములో ఉపాధ్యాయ శిక్షణ ముగింపనీయబడనివాడు ఈ విధముగా తరగతిగది లేని ఉపాధ్యాయుడయ్యెను. ఆయన శిష్యులు పొలమునుండి వచ్చిన పెద్దలు. పగలెల్ల గొఱ్ఱు పట్టి, సందెవేళ పలక పట్టిన చేతులు వారివి. పిల్లవాని చేతికి బలపము త్వరగ అలవడును. నలువదియేండ్ల రైతు చేతికి అది నాగలికంటె బరువు. అట్టివారికి ఓనమాలు నేర్పుటయే గాక, ఓటు అననేమి, పంచాయతీ అననేమి, పన్ను ఎచటికి పోవును అను సంగతులు తెలియజెప్పుట వయోజనవిద్యలో ముఖ్యభాగము. హరిసర్వోత్తమరావు దానికై వ్రాసెను, ఉపన్యసించెను, వయసు మీఱినను తిరుగుట మానలేదు.

గ్రంథాలయములు దాతల దయమీద మాత్రమే బ్రతుకరాదని ఆ ఉద్యమమువారు చిరకాలము పోరాడిరి. 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ శాసనము వెలువడెను. ఇంటిపన్నుతోపాటు స్వల్పమైన గ్రంథాలయపు సెస్సును వసూలు చేసి, ఆ సొమ్ముతో ప్రతి జిల్లాలోను గ్రంథాలయములను పోషించు పద్ధతి దానివలన ఏర్పడెను. నేడు మీ ఊరి శాఖాగ్రంథాలయములో మీరు ఉచితముగా చదువు దినపత్రిక వెనుక ఆ చిన్న సెస్సు కలదు.

హరిసర్వోత్తమరావు స్వరాజ్యమును కన్నులార చూచెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, ఆయన పుట్టిన కర్నూలు దానికి రాజధాని యయ్యెను. ఒకనాడు ఎచటను ఉద్యోగమీయరాదని తనపై ఉత్తరువులు పుట్టించిన దొరతనమువారు అప్పటికి ఓడలెక్కి పోయియుండిరి. 1956లో ఆంధ్రప్రదేశము అవతరించి రాజధాని హైదరాబాదునకు తరలెను.

1960 ఫిబ్రవరి 29వ తేదీన, డెబ్బదియారేండ్ల వయసున, ఆయన మరణించెను. నాలుగేండ్లకొకసారి మాత్రమే వచ్చు తేదీ యగుటచేత ఆయన వర్ధంతి పంచాంగములో తఱచుగా కనబడదు. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ గ్రంథాలయ శాసనము అమలులోనికి వచ్చినది.